మర్రిగూడ మండలంలో జల కాలుష్యం – ఆరోగ్యం, ఆయుర్దాయం : ఒక పరిశీలన

'కలుష' శబ్దానికి కలకబారినది అనే అర్థం ప్రసిద్ధం. అడుగు కనబడని నీరు కలుష జలం. తేరుకొన్న నీరు ప్రసన్న జలం. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో ద్రవద్రవ్యాలను వివరించే నలుబదియైదవ అధ్యాయం, కలుష జలాన్ని ప్రసన్నం చేయడానికి ఏడు సాధనాలను పేర్కొన్నది. వాటిలో మొదటిది కతకం, అనగా తెలుగువారి చిల్లగింజ. గోమేదకం, తామరతూటి గనుపు, నాచువేరు, వస్త్రం, ముత్యం, మణి తక్కినవి. వీటన్నిటి ప్రయోజనం ఒక్కటే. కంటికి కనబడే మలినాన్ని అడుగుకు దింపడమో, వడగట్టడమో చేసి నీటిని తేటపరచడం. 'పర్యావరణ కాలుష్యం' అనే ఆధునిక సమాసంలో ఆ పదమే విషవాయువులకు, లోహాలకు, కంటికి కనబడని లవణాలకు కూడా వ్యాపించింది. అర్థం విస్తరించినా పాత సంస్కారం మాత్రం జనుల మనస్సులో అలాగే నిలిచి ఉన్నది. తేటగా ఉన్న నీరు మంచి నీరు అనే నమ్మకం దాని ఫలమే. ఆ నమ్మకం ఒక జనపదాన్ని ఎంత దూరం తీసుకొనిపోగలదో తెలుసుకొనడానికి నల్లగొండ జిల్లా మర్రిగూడ మండలం కంటె తగిన ఉదాహరణ తెలుగునాట దొరకదు.

మర్రిచెట్టు పేరు పెట్టుకొన్న ఈ ఊరు జిల్లాకు పడమటి అంచున, రంగారెడ్డి జిల్లా సరిహద్దుకు చేరువలో ఉన్నది. నాంపల్లి, చండూరు, మునుగోడు ప్రాంతాలు, 2016 నాటి జిల్లాల పునర్వ్యవస్థీకరణలో యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరిన సంస్థాన్ నారాయణపురం దీనికి ఇరుగుపొరుగులు. కృష్ణా, మూసీ నదులు జిల్లాకు చెందినవే అయినా ఈ మెట్టనేలకు వాటి నీరు సహజంగా ఎక్కదు. వాన, చెరువు, బావి ఇవే తరతరాల ఆధారాలు. ఈ మండలంలోని బట్లపల్లి గ్రామంలో 1945లో ఫ్లోరోసిస్ వ్యాధి గుర్తింపబడిందని జిల్లాలో తరచుగా చెప్పబడుతున్నది. తెలుగుదేశంలో ఈ వ్యాధి చరిత్ర అంతకు కొంత ముందే ఆరంభమైంది. మద్రాసు రాజధానిలోని నాటి నెల్లూరు జిల్లాలో, 1970లో ఏర్పడిన ఒంగోలు (తరువాత ప్రకాశం) జిల్లాలో చేరిన దర్శి, పొదిలి పరిసరాలలో, షార్ట్, మెక్‌రాబర్ట్, బర్నార్డ్, నాయర్ అనే వైద్యులు దీనిని పరిశీలించి 1937లో ప్రకటించారు. భారతదేశంలో అస్థిగత ఫ్లోరోసిస్‌ను వివరించిన తొలి పరిశోధనలలో అది ప్రధానమైనది. నల్లగొండ జిల్లాలోని వ్యాధిని గూర్చి సిద్దీఖీ రచించిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడినప్పుడు ఈ జిల్లా పేరు వైద్యలోకానికి పరిచితమైంది.

ఒక ఊరి జనమంతా ఒకే వ్యాధికి ఎందుకు గురి అవుతారు? ఈ ప్రశ్న ప్రాచీనమైనది. చరక సంహిత విమానస్థానంలోని మూడవ అధ్యాయానికి జనపదోద్ధ్వంసనీయం అని పేరు. పాంచాల రాజధాని అయిన కాంపిల్యంలో, గంగాతీరాన, పునర్వసు ఆత్రేయుని అగ్నివేశుడు అడిగినది ఇదే. మనుష్యుల ప్రకృతి వేరు, ఆహారం వేరు, బలం వేరు, వయస్సు వేరు. అట్టివారిని ఒకే కాలంలో ఒకే వ్యాధి ఎట్లు కూల్చగలదు? వారిలో వేరుగా ఉన్నవి ఎన్ని అయినా అందరికీ సమానంగా ఉన్నవి నాలుగు – వాయువు, ఉదకం, దేశం, కాలం – అవి చెడినప్పుడు జనపదం చెడుతుంది అని ఆత్రేయుని సమాధానం. ఈ నాలుగింటిలో ఒకదానికంటె ఒకటి తప్పించుకొనడానికి కష్టమైనది. వాయువు కంటె జలం, జలం కంటె దేశం, దేశం కంటె కాలం దుష్పరిహార్యాలు. వ్యక్తి దోషాన్ని విడిచి, అందరూ పంచుకొనే పరిసరాలలో కారణాన్ని వెదకడం ఈ అధ్యాయంలోని విశేషం. మర్రిగూడ విషయంలో ఈ దృష్టి లేకపోవడం వల్లనే వంకర కాళ్ళను పూర్వజన్మ పాపానికి, వంశదోషానికి ఆరోపించడం జరిగింది.

అయితే అదే అధ్యాయంలోని దుష్టజల లక్షణాలతో మర్రిగూడ నీటిని పరీక్షిస్తే ఏమి తేలుతుంది? వికృతమైన వాసన, రంగు, రుచి, స్పర్శ; నీటి పక్షులు విడిచిపోవడం; జలాశయం క్షీణించడం – ఇవి అక్కడ చెప్పబడిన గుర్తులు. లీటరుకు మూడు నాలుగు మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీటికి ఆ కారణాన రంగు రాదు, వాసన రాదు, రుచి మారదు. ఆ నీరు ఈ పరీక్షలో దోషరహితమనే నిర్ణయింపబడుతుంది. ఇది శాస్త్రకారుల లోపం కాదు. ఇంద్రియాలకు అందని దానిని ఇంద్రియాలతో పట్టుకొనడం ఎవరికీ సాధ్యం కాదు. నీరు పుట్టిన నేలను బట్టి వ్యాధి వస్తుందనే ఊహ మాత్రం మన గ్రంథాలలో లేకపోలేదు. సుశ్రుతుడు ఆయా పర్వతాలలో పుట్టిన నదుల జలం వల్ల కలిగే వ్యాధులను విడివిడిగా పేర్కొంటూ, హిమవంతం నుండి వచ్చే నదీజలాలకు చెప్పిన వ్యాధులలో గళగండాన్ని కూడా చేర్చినాడు. హిమాలయ పాదభూములలోని గళగండానికి నేలలోను నీటిలోను అయోడిన్ లేమి ముఖ్యకారణమని ఆధునిక వైద్యం చెబుతున్నది. అక్కడ ఒక మూలకం కొరత, మర్రిగూడలో మరొక మూలకం ఆధిక్యం. రెంటికీ మూలం దేశమే.

మర్రిగూడ దేశదోషం రాతిలో ఉన్నది. ఈ ప్రాంతపు గ్రానైటు, నైస్ శిలలలో ఫ్లోరైట్, ఎపటైట్, బయోటైట్, హార్న్‌బ్లెండ్ వంటి ఫ్లోరిన్ గల ఖనిజాలు ఉన్నవి. 1993లో ప్రకటింపబడిన ఒక పరిశోధన ప్రకారం నల్లగొండ శిలలలో కిలోగ్రాముకు 325 నుండి 3200 మిల్లీగ్రాముల వరకు, సగటున 1440 మిల్లీగ్రాముల ఫ్లోరిన్ ఉన్నది. ప్రపంచంలోని గ్రానైటు శిలలకు సగటు 810 మాత్రమే. ఆ జిల్లా భూగర్భజలాలలో లీటరుకు 0.4 నుండి 20 మిల్లీగ్రాముల వరకు ఫ్లోరైడు కనబడింది. భారతీయ ప్రమాణాల సంస్థ తాగునీటికి విధించిన కోరదగిన పరిమితి 1 మిల్లీగ్రాము; వేరు ఆధారం లేనప్పుడు సహింపదగినది 1.5 మిల్లీగ్రాములు.

శిలలో ఫ్లోరిన్ ఉన్నంత మాత్రాన అది నీటిలోనికి రాదు. నీటిలో కాల్షియం సమృద్ధిగా ఉన్నప్పుడు అది ఫ్లోరైడుతో కలిసి, సులభంగా కరగని కాల్షియం ఫ్లోరైడుగా నిలిచిపోతుంది. వాన తక్కువ, ఎండ ఎక్కువ అయిన ఈ మెట్టలో నీరు ఆవిరియై కాల్షియం సున్నపు గడ్డలుగా నేలలో పేరుకొంటుంది. నీటిలో సోడియం బైకార్బొనేట్ మిగిలి క్షారగుణం పెరుగుతుంది. అట్టి నీరు శిలనుండి ఫ్లోరైడును విడిపిస్తుంది. ఆ నీరు రాతి పగుళ్ళలో ఎంతకాలం నిలిస్తే అంత ఎక్కువ ఫ్లోరైడును గ్రహిస్తుంది.

ఇక్కడ ఒక ఆక్షేపణకు అవకాశం ఉన్నది. శిలలో సహజంగా ఉన్నదానిని కాలుష్యమనడం సమంజసమా? ఏ కర్మాగారమూ వదలని దానికి ఎవరు బాధ్యులు? శిల సహజమే, కాని మనిషి ఆ శిలను ఎంత తాగుతాడన్నది సహజం కాదు. చెరువులు నిండి, ఏటేటా వాననీరు చేదబావులలోనికి ఊరినంతకాలం పైపొరలలోని నీరు కొంత పలుచబడుతూ వచ్చేది. చెరువులు పూడిపోయి, కరవులు వరుసగా వచ్చి, బోరుబావులు లోతు పెరిగినకొద్దీ జనం తాగినది రాతిలో చిరకాలం నిలిచిన నీరు. బోరుబావులే ఈ వ్యాధిని సృష్టించాయనడం మాత్రం చరిత్రకు విరుద్ధం. 1945 నాటికి ఆ ఊళ్ళలో ఉన్నవి చేదబావులే. బోరుబావులు వ్యాధిని కొత్త గ్రామాలకు, కొత్త తరాలకు విస్తరింపజేశాయనడం యుక్తం. కలరా, అతిసారం వంటివి వ్యాపించే బహిరంగ జలాశయాలకు ప్రతిగా, సూక్ష్మజీవులు లేని నీరు ఇవ్వాలనే సదుద్దేశంతోనే చేతిపంపులు వేయబడ్డాయి. బంగ్లాదేశ్‌లో కూడా 1970ల నుండి అదే ఉద్దేశంతో వేసిన గొట్టపు బావులలో ఆర్సెనిక్ విషం బయటపడింది. ఒక వ్యాధికి ఔషధమైనది మరొక వ్యాధికి నిదానమైంది.

భాష కూడా ఈ మోసానికి కొంత తోడ్పడిందని చెప్పవచ్చు. తెలుగులో తాగే నీటికి 'మంచినీళ్ళు' అని పేరు. దానికి ఎదురు ఉప్పునీళ్ళు, చవుటి నీళ్ళు. ఈ విభాగమంతా నాలుక చేసినది. ఊరిలో రెండు బావులుంటే, ఉప్పగా ఉన్నది పశువులకు, వాడుకకు. తియ్యగా ఉన్నది తాగడానికి. కాల్షియం లవణాల వల్ల నీరు కఠినమై, పప్పు ఉడకక, రుచి చెడి, జనం విడిచిపెట్టే నీటిలో ఫ్లోరైడు తక్కువగా ఉండవచ్చు. పప్పు చక్కగా ఉడికే మెత్తని నీరు ఫ్లోరైడుకు అనుకూలమైన నీరు కావచ్చు. ప్రతి బావికీ ఈ సూత్రం వర్తించదు గాని, వంటింటి పరీక్ష ఇక్కడ ఎంత అవిశ్వసనీయమో దీనివలన తెలుస్తుంది. నీటిని కాచితే దోషం పోతుందనే తలంపు కూడా ఫ్లోరైడు విషయంలో తారుమారు అవుతుంది. కాచినకొద్దీ నీరు తగ్గి ఫ్లోరైడు చిక్కబడుతుంది.

ఈ నీటి ప్రభావం మొదట దంతాలలో కనబడుతుంది. చిగురులోపల దంతపు పింగాణీ పొర రూపొందే కాలంలో, అనగా పుట్టినది మొదలు ఇంచుమించు ఎనిమిదేండ్ల వరకు, అధిక ఫ్లోరైడు ఆ పొరను చెరుపుతుంది. సుద్దవంటి తెల్లని మచ్చలు, పసుపు, గోధుమ రంగు చారలు, తీవ్రస్థితిలో గుంటలు ఏర్పడతాయి. జిల్లాలో వీటిని 'గారపళ్ళు' అంటారు. పాచివలె ఇది తోమితే పోయే గార కాదు. దంతం లోపలి నుండి వచ్చినది. ఎనిమిదేండ్లు దాటిన తరువాత ఆ ఊరికి వచ్చినవారికి ఎన్నాళ్ళు ఆ నీరు తాగినా దంతాలు ఇట్లు మారవు. కనుక గారపన్ను బాల్యంలో తాగిన నీటికి చెరిగిపోని శాసనం వంటిది.

ఎముకల సంగతి వేరు. ఎముకలోని హైడ్రాక్సీ ఎపటైట్ అనే ఖనిజంలో హైడ్రాక్సిల్ స్థానాన్ని ఫ్లోరైడు ఆక్రమిస్తుంది. శరీరంలో చేరిన ఫ్లోరైడులో పెద్దలలో ఇంచుమించు సగం మూత్రం ద్వారా పోతుంది. తక్కినది ఎముకలో చేరుతుంది. ఎదిగే పిల్లలలో ఎముకకు చేరే భాగం ఇంకా ఎక్కువ. ఏళ్ళ తరబడి ఇది జరిగినప్పుడు ఎముక దట్టమై, కీళ్ళ చుట్టూ ఉన్న స్నాయువులలో సున్నం చేరుతుంది. మొదట నడుము, మెడ పట్టేస్తాయి. వంగడం, తల తిప్పడం కష్టమౌతుంది. తుదకు వెన్నెముక ఒకే కర్రవలె బిగుసుకొనిపోతుంది. ముంజేతి రెండు ఎముకల నడుమ పొర గట్టిపడడం ఎక్స్‌రేలో వైద్యులు చూచే ముఖ్యమైన గుర్తు. వెన్నుపూసల నాళం ఇరుకై వెన్నుపాము నొక్కుకొనినప్పుడు కాళ్ళు చచ్చుబడతాయి.

ఎంత నీరు తాగితే ఈ స్థితి వస్తుంది? ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లో ప్రచురించిన సమీక్ష, భారత, చైనా దేశాల పరిశీలనలను ఆధారం చేసికొని, రోజుకు మొత్తం 14 మిల్లీగ్రాముల ఫ్లోరైడు శరీరంలో చేరితే అస్థివ్యాధి ప్రమాదం స్పష్టమని, 6 మిల్లీగ్రాములు దాటినప్పటి నుండే దాని సూచనలు ఉన్నవని తేల్చింది. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడు ఉన్న నీటిని నీడపట్టున ఉండి రెండు లీటర్లు తాగేవానికి చేరేది 8 మిల్లీగ్రాములు. అదే నీటిని వేసవి ఎండలో కూలిపని చేస్తూ అయిదు లీటర్లు తాగేవానికి చేరేది 20. జొన్నగటక, కూర, చాయ ఆ నీటితోనే కాగుతాయి కనుక వాటి లెక్క వేరు. ఒకే బావి ఒక్కొక్క ఇంటిలో ఒక్కొక్క మోతాదును ఇస్తుంది. ఎండలో పనిచేసేవాడు, పాలు పెరుగు కొనలేనివాడు ఎక్కువ నష్టపోతాడు. అగ్నివేశుని ప్రశ్నకు ఇది కొసరు. ఉదకం అందరికీ సమానమైనా, దాని దోషాన్ని మాత్రం అందరూ సమానంగా అనుభవించరు.

నల్లగొండ ప్రాంతం వైద్యశాస్త్రానికి చూపిన మరొక విశేషం మోకాళ్ళ వైకల్యం. రెండు మోకాళ్ళు ఒరసికొని, పాదాలు ఎడమయ్యే ఈ స్థితిని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కృష్ణస్వామి పరిశీలించి 1973లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. 1937 నాటి వర్ణనలలో ప్రధానంగా కనబడేది వయోజనుల బిగుసుకొనిపోయిన వెన్ను. ఇక్కడ కౌమారంలో ఉన్నవారి కాళ్ళు వంగుతున్నాయి. అన్నం తినేవారికంటె జొన్న తినేవారిలో ఇది అధికమని గమనించిన పరిశోధకులు, ఆ జొన్నలలో మాలిబ్డినం ఎక్కువగా ఉన్నదని, అది శరీరంలోని రాగిని తగ్గించి ఎముకను బలహీనపరుస్తున్నదని ఊహించారు. నాగార్జునసాగర్ జలాశయం వల్ల పరిసర భూములలో నీటిమట్టం, క్షారగుణం పెరిగి పైరు మాలిబ్డినాన్ని ఎక్కువగా తీసికొన్నదని వారి వాదం. ఈ వాదం అన్ని గ్రామాలకూ అన్వయించేదిగా నిర్ణయింపబడలేదు. కాల్షియం లోపం కూడా ఈ వైకల్యానికి ముఖ్యకారణమని తరువాతి పరిశీలనలు చెప్పాయి. అయినా నీరు, నేల, పంట, ఎముక అనే నాలుగింటిని ఒకే సూత్రంలో కూర్చి చూచిన ఆ ప్రయత్నం విలువైనది.

ఆయుర్దాయాన్ని గూర్చిన ప్రశ్న కూడా చరకుని అదే అధ్యాయంలో ఉండడం గమనార్హం. ఆయుస్సు నియతమా, అనియతమా అని అగ్నివేశుడు అడిగినప్పుడు దైవం, పురుషకారం రెండూ దానికి కారణాలని ఆత్రేయుడు చెప్పినాడు. బండి ఇరుసును దృష్టాంతంగా తీసికొన్నాడు. సక్రమంగా నడిచిన బండి ఇరుసు తన కాలం తీరిన తరువాత అరుగుతుంది. అధికభారం, చెడుదారి వల్ల నడుమనే విరుగుతుంది. ఫ్లోరోసిస్‌కు ఈ దృష్టాంతం కొంతవరకే సరిపోతుంది. ఈ వ్యాధి ఇరుసును ఒక్కసారిగా విరవదు. నేరుగా ప్రాణం తీయడం అరుదు. కాళ్ళు చచ్చుబడి మంచం పట్టినవారిని శయ్యావ్రణాలు, మూత్రావయవాల సోకు, పడిపోయినప్పటి గాయాలు బలిగొంటాయి. మరణ కారణం పేరిట ఫ్లోరైడు నమోదు కావడం కూడా అరుదే.

అందువల్లనే కాలుష్య మరణాల లెక్కలలో మర్రిగూడ వంటి ఊళ్ళు కనబడవు. లాన్సెట్ సంఘం 2017లో ప్రకటించిన నివేదిక 2015లో ప్రపంచవ్యాప్తంగా కాలుష్యం వల్ల తొంబది లక్షలమంది అకాలమరణం పొందినట్లు అంచనా వేసింది. ఆ లెక్కలో ప్రధానమైనవి వాయు కాలుష్యం, సూక్ష్మజీవులతో కూడిన నీరు, సీసం, పనిచేసేచోట సోకే విషాలు. దీనిని కొలవడానికి చరకుడు సూత్రస్థానం మొదటి అధ్యాయంలో చేసిన విభాగం ఎక్కువ ఉపకరిస్తుంది. అక్కడ ఆయుస్సు హితం, అహితం, సుఖం, దుఃఖం అని నాలుగు విధాలుగా చెప్పబడింది. దాని మానాన్ని, అనగా పొడవును వేరుగా గ్రహించారు. అరువదేండ్లు బ్రతికి, అందులో ముప్పదేండ్లు ఇతరుల ఊతతో లేచి కూర్చున్నవాని ఆయుర్దాయం సంఖ్యలో పెద్దగా తగ్గకపోవచ్చు, తగ్గినది సుఖాయువు. పత్రికలు 'ఫ్లోరైడు భూతం' అని వర్ణించడం వల్ల, అవే వంకర కాళ్ళ చిత్రాలను పదేపదే అచ్చువేయడం వల్ల ఇది ఒక దైవోపద్రవం అనే భావన బలపడింది. దీనికి కారణం తెలుసు, నివారణ తెలుసు. ఖర్చు కూడా లెక్కకు అందేదే.

నివారణోపాయాలలో ఒకటి ఈ జిల్లా పేరుతోనే ప్రసిద్ధమైంది. నాగపూరులోని జాతీయ పర్యావరణ సాంకేతిక పరిశోధన సంస్థ 1970లలో రూపొందించిన 'నల్లగొండ పద్ధతి'లో నీటికి పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడరు చేర్చి కలియబెడతారు. పటికలోని అల్యూమినియం మెత్తని తెట్టెగా మారి ఫ్లోరైడును పట్టుకొని అడుగుకు దిగుతుంది, పైతేటను తీసికొంటారు. కలకనీటిలో పటిక తిప్పడం పల్లెలో ఎవరికైనా తెలిసినదే. అక్కడ చిటికెడు చాలు, ఇక్కడ చాలా ఎక్కువ కావాలి. ఫ్లోరైడు ఎంత ఉన్నదో, క్షారగుణం ఎంత ఉన్నదో తెలిసి మోతాదు నిర్ణయించాలి. దినదినం కొలిచి కలిపేవారు, అడుగు మడ్డిని ఊరికి దూరంగా పారవేసేవారు కావాలి. టాంజానియా, కెన్యా దేశాలవరకు పోయిన ఈ పద్ధతి పుట్టినచోట నిలదొక్కుకొనలేకపోవడానికి కారణం రసాయనశాస్త్రంలో లేదు, నిర్వహణలో ఉన్నది. తరువాత వచ్చిన ఆర్‌ఓ యంత్రాలు ఫ్లోరైడును తొలగిస్తాయి గాని, నీటిలో కొంత భాగాన్ని మరింత చిక్కని ఫ్లోరైడుతో వెలుపలికి వదులుతాయి. డబ్బా కొనలేని ఇల్లు పాత నీటికే మిగులుతుంది.

జలం కంటె దేశం దుష్పరిహార్యమన్న మాట ఇక్కడ నిజమైంది. ఆ నేల నీటిని శుద్ధిచేయడం కంటె వేరొక నేల నీటిని తేవడమే స్థిరమైన మార్గమని జిల్లా ప్రజలు తెలుసుకొన్నారు. 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానానికి 480 మంది పోటీచేసి, బ్యాలటు పత్రాన్ని పుస్తకంగా మార్చినది సాగు, తాగునీటి కొరతను, ఫ్లోరైడు బాధను దేశం దృష్టికి తేవడానికే. తరువాతి కాలంలో అలిమినేటి మాధవరెడ్డి ఎత్తిపోతల పథకం ద్వారా కృష్ణాజలం నల్లగొండ సమీపంలోని పానగల్లు ఉదయసముద్రానికి వచ్చింది. కందూరు చోడుల నాటి ఆ చెరువు ఫ్లోరైడు గ్రామాలకు తాగునీటి నిలువ కావడం చరిత్ర పరిశోధకులకు ఆసక్తి కలిగించే విషయం. మిషన్ భగీరథ పథకానికి 2015లో చౌటుప్పలులో పైలాన్ ఆవిష్కరింపబడింది. 2015లో తెలంగాణలో 967గా ఉన్న ఫ్లోరైడు పీడిత ఆవాసాలు 2020 ఆగస్టు నాటికి లేకుండా పోయినట్లు కేంద్ర ప్రభుత్వ లెక్క. ఈ లెక్క సరఫరా అయిన నీటికి సంబంధించినది. మనుష్యుల ఎముకలకు సంబంధించినది కాదు. మర్రిగూడ చేరిన మునుగోడు నియోజకవర్గంలో 2022 నవంబరులో జరిగిన ఉపఎన్నికలో కూడా ఫ్లోరైడు ప్రసంగాంశమైంది.

ఎముకలో చేరిన ఫ్లోరైడు, నీరు మారిన తరువాత, ఎముక తనను తాను పునర్నిర్మించుకొనే క్రమంలో సంవత్సరాల మీద మెల్లగా వెలువడుతుంది. నొప్పులు తగ్గవచ్చు, బిగుసుకొన్న వెన్ను వంగదు, వంగిన మోకాలు శస్త్రచికిత్స లేనిదే సరికాదు. కాబట్టి వ్యాధి పుట్టుక ఆగిన తరువాత కూడా ఒక తరం కాలం వైద్యం, పోషణ, పింఛను అవసరమౌతాయి. కుళాయి నీరు వచ్చిన ఇంటిలో కూడా మరమ్మతుల వేళ బోరునీరు కడవలోనికి రావచ్చు. పొలం దగ్గర దప్పిక తీర్చేది నేటికీ తరచుగా మోటారు నీరే. పశువులు తాగేదీ, కూరగాయలు పండేదీ దానితోనే. సరఫరా ఎంత నిలకడగా జరిగిందో చెప్పడానికి కాగితాలకంటె నమ్మదగిన సాక్ష్యం పిల్లల నోటిలో ఉన్నది. శాశ్వత దంతాలలో ముందు కొరకుడు పళ్ళు, మొదటి దవడపళ్ళు ఆరేడేండ్లకు వస్తాయి. వాటి పింగాణీ పొర అంతకు పూర్వమే, మొదటి నాలుగైదేండ్లలో, సిద్ధమౌతుంది. భగీరథ నీరు చేరిన తరువాత పుట్టిన పిల్లలు ఇప్పుడు ఆ పళ్ళు వచ్చే వయస్సులో పాఠశాలలలో ఉన్నారు. బట్లపల్లి, శివన్నగూడెం బడులలో వరుసగా పిల్లల పళ్ళను చూచి తరగతివారీగా నమోదు చేస్తే, ఏ సంవత్సరం నుండి ఏ వాడలో నీరు నిజంగా మారిందో ఆ పట్టికయే తెలుపుతుంది.